అర్థమైందా అని అడగడం చాలదు: షుగర్ వ్యాధిపై పాఠకుల ప్రశ్నలు, వైద్యుడి సమాధానాలు

ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఈసారి ఒకచోట చేర్చాను. ఐదూ షుగర్ వ్యాధి గురించినవే, ఐదూ కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చినవే. ఈ ఇళ్ళలో మందు కొనలేని పరిస్థితి లేదు, ఆసుపత్రికి వెళ్ళని నిర్లక్ష్యమూ లేదు. వైద్యుడు చెప్పిన మాట రోగి ఇంటికి చేరేలోపు మరో మాటగా మారిపోవడమే దాదాపు అన్నిచోట్లా జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్కగట్టింది. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఉండగా, ఆడవారిలో అది సగానికి అటూ ఇటూగా ఉంది. ఇంగ్లిషులో రాసిన మందుచీటీ ఎవరి చేతికి వెళుతోందో ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మా అత్తమ్మకు 58 ఏళ్ళు. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. చదువు రాదు. పొద్దున తినడానికి ముందు ఒక మాత్ర, తిన్నాక ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి వేసుకోమని రాసిచ్చారు. పత్తి తీయడానికి పోయినప్పుడు చేనులో రెండుసార్లు చెమటలు పట్టి, మాట తడబడి కూలబడిపోయింది. షుగర్ ఎక్కువైందనుకొని మేము ఆ పూట అన్నం పెట్టలేదు, ఇంకో మాత్ర కూడా వేశాము. ఆమె మందులు సరిగా వేసుకుంటోందో లేదో మాకు తెలియడం లేదు. మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) కూడా పోతుంది. మేము ఎలా జాగ్రత్తపడాలి?
– ఒక పాఠకురాలు, ఆదోని దగ్గరి పల్లె

సమాధానం: అమ్మా, ముందుగా ఆలస్యం చేయకూడని సంగతి చెబుతాను. చేనులో మీ అత్తమ్మకు షుగర్ పెరగలేదు, పడిపోయిందని మీరు రాసిన వివరాలను బట్టి గట్టిగా అనుమానించాలి. చల్లని చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబాటు, మనిషి తీరు మారిపోవడం రక్తంలో గ్లూకోజు 70 కంటే కిందికి దిగినప్పుడు కనబడే లక్షణాలు. ఆ సమయంలో అన్నం మాన్పించి పైన ఇంకో మాత్ర వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. మీరు ఆమె మేలు కోరే చేశారు. షుగర్ అనగానే పెరగడం ఒక్కటే గుర్తుకొచ్చేలా వైద్యులమైన మేమే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాము కాబట్టి ఈ పొరపాటులో ఎక్కువ భాగం మాదే.

ఇకపై అలా జరిగితే, ఆమె మెలకువగా ఉండి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. చేనులో చక్కెర దొరకకపోతే బెల్లం ముక్క నమిలించండి. పావుగంట ఆగి చూసి, తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇచ్చి, తేరుకున్నాక రొట్టెగానీ అన్నంగానీ తినిపించండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. పెరిగిందో తగ్గిందో తెలియక, పరీక్ష చేసే యంత్రం దగ్గర లేనప్పుడు తగ్గిందనే భావించి తీపి ఇవ్వండి. మూడు చెంచాల చక్కెర వల్ల జరిగే హాని స్వల్పం, పడిపోయిన షుగరును గమనించకుండా వదిలేస్తే జరిగే హాని తీరనిది. ఆమె వేసుకునే మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి, తేరుకున్నా సరే అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఇక ఇలా ఎందుకు జరిగిందన్నది. మీరు పంపిన మందుచీటీ నకలులో తినడానికి ముందు వేసుకోవలసిన మాత్ర గ్లిమెపిరైడ్. ఇది శరీరంలోని క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది, కడుపులో తిండి ఉన్నా లేకపోయినా తన పని తాను చేసుకుపోతుంది. అందుకే మొదటి భోజనానికి కాస్త ముందుగానో, భోజనంతోపాటో వేసుకోమంటారు. పట్నంలో కూర్చుని ‘పొద్దున తినడానికి ముందు’ అని రాసే వైద్యుడి మనసులో ఎనిమిది గంటల టిఫిను ఉంటుంది. మీ అత్తమ్మ రోజు అలా ఉండదు. ఆమె తెల్లవారుజామున ఐదింటికి లేచి, మాత్ర వేసుకుని, సద్ది కట్టుకుని, ఆటో ఎక్కి చేను చేరి, ఎండ ఎక్కేదాకా వంగి పత్తి తీసి, పదింటికో పదిన్నరకో సద్దిమూట విప్పుతుందని ఊహిస్తున్నాను. ఐదింటికి వేసుకున్నా అది తినడానికి ముందే కదా. ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది. ఆమె పొద్దు ఎలా గడుస్తుందో మేము అడగలేదు. కాబట్టి ఈ మాత్రను ఇంట్లో వేసుకోకుండా సద్దిమూటలోనే కట్టుకుపోయి, మూట విప్పినప్పుడు మాత్ర వేసుకుని వెంటనే ముద్ద నోట్లో పెట్టుకోవాలి. తిండి లేని పూట ఆ మాత్ర కూడా లేనట్టే. ఈ మార్పు గురించీ, రెండుసార్లు కూలబడిన సంగతి గురించీ మీ వైద్యుడికి తప్పకుండా చెప్పండి. మోతాదు తగ్గించడమో, షుగరును అంతగా పడగొట్టని వేరే మందు రాయడమో ఆయన నిర్ణయిస్తారు.

మందులు సరిగా వేసుకుంటోందో లేదో తెలియడం లేదని రాశారు. ‘వేసుకున్నావా అత్తా?’ అని అడిగితే ‘ఆ, వేసుకున్నా’ అనే జవాబు తప్ప మరొకటి రాదు. మాత్రల పట్టీలన్నీ ఆమె ముందు పోసి, రేపు పొద్దున్నుంచి రాత్రి దాకా ఏది ఎప్పుడు వేసుకుంటుందో చేత్తో తీసి చూపించమనండి. మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా చూడండి. దుకాణంలో కంపెనీ మారి మాత్ర రంగు మారినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ వేసుకునే వాళ్ళను నేను తరచుగా చూస్తుంటాను. అక్షరాలు తెలియనివారికి మాత్రను గుర్తుపట్టే ఆనవాలు రంగూ, ఆకారమూ మాత్రమే కాబట్టి, ఆ ఆనవాలు మారిన రోజున పక్కన ఎవరో ఒకరు ఉండాలి. మూడు చిన్న గుడ్డసంచులు కుట్టి, సద్ది మాత్రకు ఎర్రదారం, తిన్నాక వేసుకునేదానికి తెల్లదారం, రాత్రిదానికి నల్లదారం కట్టండి. ఏ దారం దేనికన్నది మీరు నిర్ణయించవద్దు, ఆమెనే ఎంచుకోనివ్వండి, తాను పెట్టుకున్న గుర్తును మనిషి మరవడు. మాత్రలను పట్టీలోంచి ఒలిచి డబ్బాలో పోయవద్దు, మందు పేరూ గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచండి.

సుగ్గికి వెళ్ళే ముందు, ఉండబోయే రోజులకు ఒక వారం ఎక్కువగానే మందు తీసుకోండి. ఊరుకాని ఊరిలో మందు అయిపోయిందని మానేసి, తిరిగి వచ్చాక పుండుతోనో, 400 దాటిన షుగరుతోనో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఏటా కనబడుతూనే ఉన్నారు. మందుచీటీ నకలు ఆమె సంచిలో ఒకటి, ఆమె గుంపులో చదువు వచ్చినవారి దగ్గర ఒకటి ఉండాలి. కూలబడితే తీపి పెట్టాలన్న సంగతి పక్క సాలులో పత్తి తీసే మనిషికీ, మేస్త్రీకీ తెలిసి ఉండాలి. ఆ సమయంలో ఆమె తనంతట తాను చెప్పుకోలేదు.

ప్రశ్న: నేను జమ్మలమడుగు ప్రాంతంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. నెలనెలా షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తిండి, మందులు, నడక, పాదాల సంరక్షణ అన్నీ చెబుతాను. శ్రద్ధగా వింటారు, తలూపుతారు. తర్వాతి నెల చూస్తే షుగర్ మళ్ళీ 300. ఎంత చెప్పినా వినని వాళ్ళకు ఎలా చెప్పాలి?

సమాధానం: అమ్మా, మీరు ఎండలో ఇల్లిల్లూ తిరిగి చేసే పని విలువ నాకు తెలుసు కాబట్టే మీ ప్రశ్నలోని ఒక మాటను మార్చమని అడుగుతున్నాను. వారు వినని వాళ్ళు కారు. విన్నది అర్థమైందో లేదో మనం తెలుసుకోలేదు, అంతే. ‘అర్థమైందా?’ అని అడిగితే మన ప్రాంతంలో పెద్దవాళ్ళెవరూ కాలేదని అనరు. కాలేదంటే చెప్పినవారిని చిన్నబుచ్చినట్టు అవుతుందనీ, తమకు తెలివి లేదని బయటపడుతుందనీ వారికి మొహమాటం. తలూపడం మర్యాద కోసం, దానిని సమ్మతిగా లెక్కవేసుకోవడం మన పొరపాటు.

నా వృత్తి తొలినాళ్ళలో జరిగిన ఒక సంగతి ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు. ఒక పెద్దాయనకు ‘రోజూ పాదాలు చూసుకో పెద్దాయనా’ అని వచ్చిన ప్రతిసారీ చెప్పాను. ‘చూసుకుంటున్నావా?’ అంటే ‘రోజూ చూసుకుంటున్నాను సార్’ అనేవాడు. ఒకరోజు చెప్పు విప్పిస్తే అరికాలిలో రూపాయి బిళ్ళంత పుండు. ఆయన అబద్ధం చెప్పలేదు. ప్రతిరోజూ పొద్దున మంచం మీద కూర్చుని పాదాల వైపు చూసుకునేవాడు, పైవైపు. స్పర్శ పోయిన అరికాలికి ముల్లు దిగినా తెలియదని, అరికాలిని తిప్పి చూడాలని, వంగలేకపోతే అద్దం పెట్టుకోవాలని, లేదంటే మనవడి చేత చూపించుకోవాలని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ‘ఎలా చూసుకుంటావో చూపించు’ అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ కాలి రెండు వేళ్ళు మిగిలేవి.

చెప్పినదాన్ని రోగి చేత తిరిగి చెప్పించుకొని వినడం వైద్యవిద్యలో ఒక పద్ధతిగా స్థిరపడింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ షిలింజర్ బృందం 38 మంది వైద్యులు షుగర్ రోగులతో మాట్లాడిన సంభాషణలను రికార్డు చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వైద్యులు కొత్తగా చెప్పిన విషయాల్లో 12 శాతం వాటిని మాత్రమే రోగికి అర్థమైందో లేదో సరిచూసుకున్నారని తేలింది. అలా సరిచూసుకున్న వైద్యుల దగ్గరి రోగులకు షుగర్ మెరుగ్గా అదుపులో ఉంది. అంతకన్నా నాకు ధైర్యమిచ్చేది 2004లో ఉత్తర కరోలినాలో రస్సెల్ రాత్‌మన్ బృందం ప్రచురించిన ప్రయోగం. అందులో సులభమైన మాటల్లో చెప్పి, తిరిగి చెప్పించుకొని, ఫోను చేసి కనుక్కుంటూ ఉన్నప్పుడు, చదువు తక్కువగా ఉన్న రోగుల్లో 42 శాతం మంది మూడు నెలల షుగర్ సరాసరిని (హెచ్‌బీఏ1సీ పరీక్షలో వచ్చే అంకెను) 7కు తెచ్చుకోగలిగారు. మామూలు వైద్యం మాత్రమే అందిన అటువంటి రోగుల్లో అది 15 శాతం. చదువు లేకపోవడం అడ్డంకి అన్నది నిజమే, అయితే చెప్పే పద్ధతి మారితే దాటగలిగిన అడ్డంకి అది.

మీ పనిలో దీన్ని ఎలా వాడాలి? ఒక ఇంటికి వెళ్ళినప్పుడు నాలుగు విషయాలు కాకుండా ఒక్కటే చెప్పండి, మహా అయితే రెండు. చెప్పాక, ‘నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి అవ్వా. సాయంత్రం నీ కొడుకు వచ్చి ఆ నర్సమ్మ ఏం చెప్పిందని అడిగితే ఏమంటావు?’ అని అడగండి. పరీక్ష మీ మాటకు, ఆమెకు కాదన్నది ఆ ప్రశ్నలోనే తెలియాలి. ఆమె చెప్పినదాంట్లో తప్పు ఉంటే ‘అది కాదు’ అనకుండా, ‘నేనే సరిగా చెప్పలేదు, ఇంకో రకంగా చెబుతాను’ అని మొదలుపెట్టి, మరోసారి చెప్పించుకోండి. మొదట్లో ఒక్కో ఇంట్లో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మీ రిజిస్టరులో అన్ని ఇళ్ళూ పూర్తిచేయాలన్న ఒత్తిడి మీకు ఉందని తెలుసు. అయినా, పన్నెండు నెలలు చెప్పిన నాలుగు విషయాలకన్నా ఒక నెల చెప్పి నాటుకున్న ఒక విషయం మేలన్నది నా అనుభవం.

మాటలు కూడా చూసుకోండి. ‘షుగర్ కంట్రోల్‌లో పెట్టుకో’ అన్నది ఏ పనినీ సూచించదు. ‘డైట్ పాటించు’ అంటే కొందరు పూట తిండి మానేస్తారు. ‘సంగటి ముద్ద ఇంత చేసుకో, పక్కన కూరాకు పప్పు రెండు గరిటెలు వేసుకో’ అని వారి గిన్నెలోనే చూపిస్తే అది మాటకన్నా గట్టిగా నిలుస్తుంది.

ప్రశ్న: మా నాన్న కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ రైతు. పరీక్షకు పోయేముందు రెండు మూడు రోజులు తిండి తగ్గించి, పరగడుపున షుగర్ 120 అని చూపించి సంతోషపడతాడు. ఈసారి డాక్టరు మూడు నెలల పరీక్ష (హెచ్‌బీఏ1సీ) రాశారు, 10.2 వచ్చింది. నాన్న ఆ పరీక్షే తప్పంటున్నాడు. ‘పది అంటే తక్కువే కదా’ అని కూడా అంటున్నాడు. ఇంకో సంగతి, రాగి సంగటి షుగరుకు మంచిదని మూడు పూటలా అదే తింటున్నాడు.

సమాధానం: నాన్నగారి వాదనలో తర్కం ఉంది. 120 కన్నా 10 తక్కువే. రెండు పరీక్షల కొలమానాలు వేరని ఎవరూ చెప్పకుండా రెండు అంకెలు చేతికిస్తే ఎవరైనా అలాగే పోల్చుకుంటారు. 10.2 అంటే గడిచిన మూడు నెలల్లో ఆయన రక్తంలో షుగర్ సరాసరిన 245 దగ్గర ఉన్నట్టు. ఆయనకు చెప్పేటప్పుడు 10.2 అనకుండా ఈ 245 చెప్పండి, 120 పక్కన పెట్టి పోల్చుకోగలుగుతారు. చాలామందికి చేరుకోవలసిన గమ్యం 7, అంటే సరాసరి 155 దరిదాపు. వయసు బాగా పైబడినవారికీ, ఇతర జబ్బులున్నవారికీ వైద్యులు దాన్ని కాస్త సడలిస్తారు.

పరీక్ష తప్పు కాదని ఒప్పించడానికి ఆయనకు తెలిసిన విద్యే చాలు. మీ ప్రాంతంలో వానను ఒక్కరోజుతో కొలిచే రైతు ఉండడు. అధికారులు వచ్చిన రోజున నాలుగు చినుకులు పడితే ఆ ఏడు కరువు లేనట్టా? మృగశిరలో ఎంత, ఆరుద్రలో ఎంత, పునర్వసులో ఎంత అని కార్తె కార్తెకూ లెక్కవేసుకుంటేనే పైరు సంగతి తెలుస్తుంది. రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, ఆ బతికినన్నాళ్ళూ చుట్టూ ఉన్న చక్కెర దానికి అంటుకుంటూ ఉంటుంది. మూడు నెలల పరీక్ష ఆ అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. అంటే ఆరేడు కార్తెల వానను ఒకచోట కొలిచినట్టు. రెండురోజుల పస్తు దాన్ని మార్చలేదు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉన్నవారిలో మాత్రం ఈ పరీక్ష తేడా చూపవచ్చు కాబట్టి ఆ సంగతి వైద్యుడిని అడగండి. మరో మాట, మంచి అంకె చూపించాలనే తపన వెనుక తిట్లు పడతాయనే భయం ఉంటుంది. ఇంట్లో మీరైనా, ఆసుపత్రిలో మేమైనా అంకె చూసి మందలించడం మానితే ఆయన పస్తులుండడం మానుతారు.

సంగటి విషయానికి వస్తే, రాగిలో పీచు, కాల్షియం బాగా ఉన్నమాట నిజం. అయితే రాగి కూడా ధాన్యమే, దానిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. పైగా మన సంగటిలో బియ్యం ఉడికించి మెత్తటి రాగిపిండి కలిపి కెలుకుతాము. మెత్తగా ఉడికినది త్వరగా అరిగి షుగర్‌ను త్వరగా పెంచుతుంది. ‘రాగి మంచిది’ అన్న మాట ‘ఎంతైనా తినవచ్చు’గా మారిపోవడమే ఇక్కడ చిక్కు. పూటకు రెండు ముద్దలు తినేవారైతే ఒకటి చేసి, తగ్గిన ఆ చోటును కూరాకు పప్పు, అలసందలు, పచ్చికూరలతో నింపండి. సంగటిలో బియ్యం పాలు తగ్గించండి. రాత్రిపూట జొన్నరొట్టె తిన్నా అదే లెక్క, రెండు రొట్టెలకు మించకుండా కూర ఎక్కువగా ఉండాలి. ఆయన తిండిని మీరు మార్చనక్కరలేదు, ముద్ద కొలత మారిస్తే చాలు. ఆ కొలత మీరు చెప్పడం కన్నా, ఈ రోజు తినే ముద్ద ఎంతో ఆయన చేతనే చేయించి చూడండి.

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. మా నాన్నకు ఉర్దూ చదవడం, రాయడం బాగా వచ్చు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం తెలుగులో, మందుచీటీ ఇంగ్లిషులో ఉన్నాయి. వాళ్ళు ఆయనను చదువురానివారిగా చూస్తున్నారు. రంజాన్‌లో రోజా ఉంటానంటున్నారు. షుగర్ మాత్రలు వాడుతున్నారు.

సమాధానం: మీ నాన్నగారు చదువురానివారు కారు, ఆయనకు వచ్చిన భాషలో మేము రాయలేదు. మీరే ఒక కాగితం మీద ఆయన మందుల పేర్లు, వేళలు ఉర్దూలో రాసి, మందుచీటీ వెనుక అతికించండి. తర్వాత దాన్ని వైద్యుడి ముందు ఆయన చేతనే చదివించి, వైద్యుడు చీటీతో సరిచూసేలా చేయండి. రాసేటప్పుడు జరిగిన పొరపాటు అక్కడే బయటపడుతుంది.

రోజా గురించి రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుడిని కలవాలి. గతంలో షుగర్ పడిపోయి స్పృహ తప్పినవారు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు ఉపవాసం ఉండకపోవడం మంచిది. మిగిలినవారికి మందుల వేళలు, మోతాదులు తెల్లవారకముందు తినే సహరీకీ, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కూ తగినట్టు మార్చాలి, ఆ మార్పు సొంతంగా చేసుకోకూడదు. పగటిపూట షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకుంటే రోజా చెడదని మతపెద్దలు చెబుతారు. ఆయన మనసులో సందేహం ఉంటే నా మాట చాలదు, మీ మసీదు ఇమాము గారి నోట ఆయనకు వినిపించండి.

ప్రశ్న: మా నాన్న తాడిపత్రిలో ఉంటారు. ఏడాదిగా పొద్దున 20 యూనిట్ల ఇన్సులిన్ తానే వేసుకుంటున్నారు. షుగర్ బాగానే ఉండేది. నెలరోజులుగా 350 దాటుతోంది. తిండి మారలేదు. డాక్టరు 26 యూనిట్లు చేశారు, అయినా తగ్గలేదు. కరెంటు పోతే ఫ్రిజ్ ఆగిపోతోంది, ఎండల వల్ల మందు చెడిందా?

సమాధానం: ఎండ కారణం కావచ్చు, కానీ దానికన్నా ముందు సిరంజిని చూడండి. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో ఉంటుంది. దానికి వాడే సిరంజి మూత ఎర్రగా ఉండి, దాని మీద 40 అని ఉంటుంది. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు వాడే సిరంజి మూత నారింజరంగులో ఉండి, 100 అని ఉంటుంది. చూడడానికి రెండూ ఒకటే. 40 సీసాలోని మందును 100 సిరంజితో 20 గీత దాకా తీసుకుంటే లోపలికి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 8 యూనిట్లే. నెలరోజుల కిందట సిరంజిలు అయిపోయి వేరే దుకాణంలో కొన్నారేమో నాన్నగారిని అడగండి. అదే జరిగి ఉంటే అసలు ప్రమాదం ముందుంది. పెంచిన 26 యూనిట్ల మోతాదునే రేపు సరైన సిరంజితో తీసుకుంటే ఆయనకు అలవాటైన 20 కన్నా ఎక్కువ వెళ్ళి షుగర్ పడిపోవచ్చు. 100 సీసా మందును 40 సిరంజితో తీసుకోవడం ఇంకా ప్రమాదం, మోతాదు రెండున్నర రెట్లవుతుంది. కాబట్టి సీసా, సిరంజి రెండూ చేతబట్టుకుని వైద్యుడి దగ్గరికి వెళ్ళి, మోతాదు మళ్ళీ చెప్పించుకున్నాకే మార్చండి.

ఇందులో ఒక ఊరట ఉంది. అక్షరాలు రానివారిలో కూడా నోట్లు లెక్కపెట్టి, ఫోను నంబరు నొక్కి అంకెలు గుర్తుపట్టేవారు చాలామంది ఉంటారు. ‘సీసా మీద ఉన్న అంకె, సిరంజి మీద ఉన్న అంకె ఒకటేనా?’ అన్న ఒక్క ప్రశ్న నేర్పితే మందు పేరు చదవలేకపోయినా ఈ పొరపాటు జరగదు. కంటిచూపు తగ్గినవారైతే సిరంజి గీత కనబడకపోవచ్చు, అదీ పరీక్షించండి.

ఎండ సంగతి. తెరవని సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే పైఅరలో పెట్టకూడదు, గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా 25–30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. అనంతపురం జిల్లాలో వేసవిలో 40 దాటే ఎండకు రేకుల ఇంట్లో, కిటికీ దగ్గర, స్కూటరు డిక్కీలో ఉంచితే చెడిపోతుంది. కరెంటు లేనప్పుడు సీసాను నీళ్ళు చొరని చిన్న డబ్బాలో పెట్టి, తడిపిన మట్టికుండలో, నీడలో, గాలి తగిలే చోట ఉంచండి. కుండ తడి ఆరకుండా చూడండి. తెల్లగా, మబ్బుగా ఉండే రకం ఇన్సులిన్ అయితే వేసుకునే ముందు సీసాను అరచేతుల మధ్య పదిసార్లు మెల్లగా దొర్లించాలి. తేటగా ఉండవలసిన రకం మబ్బుబారితే పారేయాలి. సూది ఒకేచోట వేసుకుంటూ ఉంటే అక్కడ కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఒంటపట్టదు, అందుకే పొట్ట మీద చేత్తో తడిమి చూడండి.

ఇవన్నీ ఆయనకు చెప్పకముందే ఒక పని చేయండి. రేపు పొద్దున ఆయన సూది వేసుకునేటప్పుడు పక్కన కూర్చుని, సీసా తీయడం నుంచి సూది పారేయడం దాకా ఏమీ అనకుండా చూడండి. ఒక్కటి తప్ప: సీసా అంకె, సిరంజి అంకె కలవకపోతే వెంటనే ఆపించి వైద్యుడికి ఫోను చేయండి. చూసినది చూసినట్టు రాసి నాకు పంపండి.